విండోస్ నుంచి మ్యాక్‌కా, లినక్స్‌కా, లేక ఉన్నచోటేనా: మారేముందు చూసుకోవలసినవి

2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్‌ది అయితే సుమారుగా ఎనిమిదో తరానిదో ఆ తరువాతిదో అయి ఉండాలి. ఈ షరతుల వల్ల, నిక్షేపంగా నడుస్తున్న కంప్యూటర్లు ఎన్నో కొత్త వెర్షన్‌కు అర్హత కోల్పోయాయి. ఎలాగూ కొత్తది కొనక తప్పనప్పుడు ఈసారి యాపిల్ వారి మ్యాక్ తీసుకుంటే ఎలా ఉంటుంది, లేదా ఉన్న కంప్యూటర్‌లోనే విండోస్‌కు బదులుగా లినక్స్ అనే వ్యవస్థ వేసుకుంటే సరిపోతుందా అనే ఆలోచన చాలామందికి వచ్చేది ఇక్కడే.

ఏ కంప్యూటర్ మంచిది అనే ప్రశ్నతో మొదలుపెడితే ఈ ఆలోచన ఒక కొలిక్కి రాదు. ఉత్తరాలు రాసుకోవడానికి, లెక్కలు చూసుకోవడానికి, వీడియోలు చూడడానికి, నలుగురితో తెర మీద మాట్లాడడానికి నేటి కంప్యూటర్లు ఏ రకానివైనా సరిపోయే వేగంతోనే ఉన్నాయి. నేను రెండుసార్లు మారాను, మరికొందరు మారుతున్నప్పుడు పక్కన కూర్చుని సాయం చేశాను. రోజూ చేసే పనుల దగ్గర ఎవరికీ పెద్ద చిక్కు రాలేదు. ఏడాదికి రెండుసార్లు మాత్రమే తెరిచే ఒక ప్రోగ్రాం దగ్గర, మూలన పెట్టిన ఒక పాత స్కానర్ దగ్గర, ఎప్పుడో పదేళ్ల కిందట భద్రపరచిన ఒక ఫైలు దగ్గర వచ్చింది. మీ పనిలో మరొకదానితో భర్తీ చేయలేనిది ఏదైనా ఉందా, ఉంటే అది ఎక్కడ నడుస్తుంది అన్నది తేలితే మిగిలిన ఎంపిక దానంతట అదే సులువవుతుంది.

అది తేలడానికి ఒక కాగితం, ఒక వారం ఓపిక చాలు. ఆ వారమంతా కంప్యూటర్‌లో తెరిచిన ప్రతి ప్రోగ్రాం పేరు, తగిలించిన ప్రతి పరికరం పేరు రాసుకోండి. తరువాత ఇన్‌స్టాల్ అయి ఉన్న ప్రోగ్రాముల జాబితా తెరిచి, ఆ వారంలో వాడకపోయినా అవసరమైనవి ఏమున్నాయో చూసి చేర్చండి. ఇప్పుడు ఒక్కొక్కదానికీ ఎదురుగా అది బ్రౌజర్‌లో నడిచేదా, విండోస్‌లోనూ మీరు మారబోయే చోటా వెర్షన్లు ఉన్నదా, విండోస్‌కు మాత్రమే పరిమితమా అని గుర్తు పెట్టండి. మొదటి రకం గురించి ఆలోచించనక్కరలేదు. రెండో రకంలో కొంచెం మెలకువ కావాలి. నిర్ణయమంతా మూడో రకంలో ఉంటుంది.

రెండో రకంలో మెలకువ ఎందుకంటే, పేరు ఒకటే అయినంత మాత్రాన రెండు వెర్షన్లూ ఒకటే కావు. ఎక్సెల్ మ్యాక్‌లోనూ ఉంది, మామూలు పట్టికలూ సూత్రాలూ తేడా లేకుండా పనిచేస్తాయి, వీబీఏ మాక్రోలు (పనులను వాటంతట అవే చేయించే చిన్న ప్రోగ్రాములు) కూడా చాలామటుకు నడుస్తాయి. కానీ యాక్టివ్ఎక్స్ కంట్రోళ్లతో (విండోస్‌కే చెందిన బొత్తాలు, జాబితాల వంటివాటితో) చేసిన ఫారాలు మ్యాక్‌లో పనిచేయవు, పెద్ద పట్టికలను కలిపి విశ్లేషించే పవర్ పివట్ అక్కడ లేదు. కార్యాలయంలో ఎవరో ఎన్నడో తయారుచేసి పెట్టిన, అందరూ నింపి పంపే ఎక్సెల్ ఫారం మీ జీవనాధారమైతే, మారడానికి ముందే దానిని ఒక మ్యాక్‌లో తెరిపించి చూడవలసిందే. డేటాబేస్ ప్రోగ్రాం అయిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌కు మ్యాక్ వెర్షన్ అసలే లేదు. ఇంజనీరింగ్, నిర్మాణ రంగాలవారికి ఇది ఇంకా ముఖ్యం: ఆటోక్యాడ్‌కు మ్యాక్ వెర్షన్ ఉన్నా, రెవిట్, సాలిడ్‌వర్క్స్, 3డీఎస్ మ్యాక్స్ వంటివి విండోస్‌కే రాసినవి. మరోవైపు వీడియోలు కూర్చే ఫైనల్ కట్ ప్రో, సంగీతం కూర్చే లాజిక్ ప్రో కంప్యూటర్ల వరకు మ్యాక్‌లో మాత్రమే ఉంటాయి. ఐఫోన్‌కు యాప్‌లు రాయడానికి కావలసిన ఎక్స్‌కోడ్ కూడా మ్యాక్‌లోనే నడుస్తుంది. ఆ పని చేసేవారికి ఈ పోలికతో పనే లేదు, వారు మ్యాక్ తీసుకోక తప్పదు.

విండోస్‌కే పరిమితమైన ప్రోగ్రాం ఒకటి తేలి, దానితో రోజూ గంటల తరబడి పని ఉంటే నా సలహా సూటిగా ఉంటుంది: మారకండి, విండోస్ 11 ఉన్న మంచి కంప్యూటర్ తీసుకోండి. ఎప్పుడో నెలకొకసారి అవసరమైతే వేరే దారులు ఉన్నాయి. పాత కంప్యూటర్‌ను ఆ ఒక్క పనికి, ఇంటర్నెట్‌కు కలపకుండా, ఉంచుకోవడం వాటిలో అన్నిటికన్నా నమ్మకమైనది.

మ్యాక్ విషయంలో

2020 నవంబరు నుంచి యాపిల్ తన సొంత ఎం1 చిప్పుతో కంప్యూటర్లు అమ్మడం మొదలుపెట్టి, 2023 నాటికి ఇంటెల్ చిప్పులను పూర్తిగా వదిలేసింది. ఈ మార్పుతో మ్యాక్ ల్యాప్‌టాప్‌లకు వచ్చిన మేలు నిజమైనది: ఛార్జరు తగిలించకపోయినా వేగం తగ్గదు, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, ఎం1 నుంచి వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లలో ఫ్యానే లేదు కాబట్టి చప్పుడు ఉండదు. రోజంతా చోటు మారుతూ పనిచేసేవారికి ఈ సుఖం వాడితేనే తెలుస్తుంది.

దానికి చెల్లించే మూల్యం కూడా ఉంది. ఈ మ్యాక్‌లలో మెమరీ ప్రాసెసర్ ఉన్న ప్యాకేజీలోనే కలిసిపోయి ఉంటుంది, కాబట్టి కొన్న తరువాత ర్యామ్ పెంచుకునే వీలు ఎంతమాత్రం లేదు. మ్యాక్‌బుక్‌లలో స్టోరేజీ కూడా బోర్డు మీదే అతికి ఉంటుంది. తరువాత చూసుకుందాంలే అనే మాట ఇక్కడ చెల్లదు. అయిదారేళ్లు వాడాలనుకునేవారు 16 జీబీకి తగ్గకుండా తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం, మ్యాక్ లోపల విండోస్ కూడా నడపాలనుకుంటే 24 జీబీ ఉండడం మేలు. విండోస్ ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ మార్చుకునేవి ఇప్పటికీ దొరుకుతాయి, అయితే సన్నని మోడళ్లలో చాలావాటికి అది కూడా బోర్డుకే అతికి వస్తోంది. కనుక ఈ తేడాను మ్యాక్‌కూ విండోస్‌కూ మధ్య తేడాగా అనుకోకుండా, చూస్తున్న మోడల్‌నే విప్పి చూసినంత శ్రద్ధగా పరిశీలించాలి.

మ్యాక్ లోపల విండోస్ గురించి స్పష్టత అవసరం. ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్ ద్వారా విండోస్‌ను నేరుగా వేసుకునేవారు. కొత్త చిప్పుల మ్యాక్‌లలో బూట్ క్యాంప్ లేదు. పారలల్స్ డెస్క్‌టాప్ వంటి వర్చువల్ మెషీన్‌లో, అంటే మ్యాక్ లోపలే మరో కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రాంలో, విండోస్ 11 ఆర్మ్ వెర్షన్‌ను (ఇలాంటి చిప్పుల కోసం చేసినదాన్ని) నడపవచ్చు, 2023 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ దీనికి అధికారికంగా అనుమతి ఇచ్చింది. మామూలు ప్రోగ్రాములు ఇందులో బాగానే నడుస్తాయి. యూఎస్‌బీకి తగిలించే ప్రత్యేక పరికరాలు, వాటిని నడిపించే డ్రైవర్ ప్రోగ్రాములు, బరువైన ఆటలు ఉన్నచోట మాత్రం ఇది నడుస్తుందని ముందుగా నమ్మి డబ్బు పెట్టకూడదు.

వాడిన మ్యాక్ కొనేవారికి రెండు మాటలు. 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ 26 టాహో ఇంటెల్ మ్యాక్‌లకు చివరి వెర్షన్ అని యాపిల్ ప్రకటించింది, అది కూడా కొన్ని ఇంటెల్ మోడళ్లకే వస్తుంది. కాబట్టి ఎంత తక్కువకు వచ్చినా ఇప్పుడు ఇంటెల్ మ్యాక్ వైపు చూడవద్దు. రెండోది, ఎం1, ఎం2 చిప్పుల మ్యాక్‌బుక్ ఎయిర్ బయటి మానిటర్‌ను ఒక్కదాన్నే నడుపుతుంది. బల్ల మీద రెండు మానిటర్లు పెట్టుకుని పనిచేసే అలవాటున్నవారికి ఈ ఒక్క విషయం ఎంపికను మార్చేస్తుంది.

లినక్స్, మరికొన్ని దారులు

పాత కంప్యూటర్ బాగానే ఉండి, విండోస్ 11 మాత్రమే కుదరనివారు లినక్స్‌ను తప్పకుండా ఒకసారి చూడాలి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ వ్యవస్థ ఇప్పుడు ఉబుంటు, లినక్స్ మింట్ వంటి రూపాల్లో, కొత్తవారికి కూడా అర్థమయ్యేంత తేటగా తయారైంది. విండోస్ చూసి చూసి అలవాటైన కళ్లకు మింట్ దగ్గరగా ఉంటుంది. ఇక మ్యాక్‌లో లేని గొప్ప సదుపాయం లినక్స్‌లో ఒకటి ఉంది: ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే, హార్డ్‌డిస్క్‌ను తాకకుండానే, పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడవచ్చు. 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్‌లో దానిని రాసి, కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి, వైఫై కలుస్తోందా, శబ్దం వస్తోందా, కెమెరా పనిచేస్తోందా, మూత మూసి తెరిస్తే మళ్లీ మేలుకుంటోందా, మీ ప్రింటర్ కాగితం తీస్తోందా అని వరుసగా పరీక్షించండి. పెన్‌డ్రైవ్ నుంచి కాబట్టి కాస్త నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి వేగాన్ని అంచనా వేయకండి.

నా పాత స్కానర్ సంగతి ఇక్కడ చెప్పాలి. దాని తయారీదారు కొత్త మ్యాక్‌లకు డ్రైవర్ ఇవ్వడం మానేశాడు. మ్యాక్ దానిని గుర్తించనే లేదు, విండోస్ 11లో కూడా పాత డ్రైవర్ మొరాయించింది. అదే స్కానర్‌ను లినక్స్ మింట్ ఉన్న ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే, నేను ఏదీ వెతికి వేయకుండానే దీపం వెలిగి, మెల్లగా కదిలి, పాత ఫోటో ఒకదాన్ని తెర మీదికి తెచ్చింది. తయారీదారులు వదిలేసిన పరికరాలను లినక్స్ సమూహంలోని వాలంటీర్లు ఇలా బతికించి ఉంచడం తరచు కనిపిస్తుంది. ఆ శ్రమ పట్ల నాకు గౌరవం ఉంది.

అయితే లినక్స్‌కు మైక్రోసాఫ్ట్ ఆఫీస్, అడోబీ ఫోటోషాప్ వంటివి రావు. ఆఫీస్‌కు బదులుగా వాడే లిబ్రేఆఫీస్ మీ సొంత పత్రాలకు చాలినంత మంచిది, కానీ వర్డ్ ఫైళ్లను రోజూ ఇతరులతో అటూ ఇటూ పంపుకునేవారికి పేరాల అమరికలో, పట్టికల వెడల్పులో చిన్నచిన్న తేడాలు వస్తూనే ఉంటాయి. ఆటలు ఆడేవారికి 2018లో వాల్వ్ సంస్థ తెచ్చిన, విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ వల్ల పరిస్థితి ఎంతో మెరుగైంది, అయినా మోసాలను అడ్డుకోవడానికి వ్యవస్థ మూలంలోకి చొరబడే రక్షణ ఉన్న ఆన్‌లైన్ ఆటలు కొన్ని ఇప్పటికీ నడవవు. ఆటలే ప్రధానమైతే విండోస్‌లోనే ఉండడం తెలివైన పని.

2024 నుంచి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్పులతో వస్తున్న విండోస్ ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ విషయంలో మ్యాక్‌కు దగ్గరగా వచ్చాయి. ఈ చిప్పుల రకం వేరు కాబట్టి, పాత ప్రోగ్రాములను అవి ఎమ్యులేషన్ ద్వారా (అప్పటికప్పుడు అనువదించుకుంటూ) నడుపుతాయి గాని డ్రైవర్లను అలా నడపలేవు. కాబట్టి పాత ప్రింటర్లు, ప్రత్యేక పరికరాలు ఉన్నవారు వీటిని కూడా మరో రకం కంప్యూటర్‌గానే భావించి, పైన చెప్పిన కాగితం పరీక్ష చేయాలి. ప్రధానంగా బ్రౌజర్ మీద నడిచే గూగుల్ రకం ల్యాప్‌టాప్ అయిన క్రోమ్‌బుక్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మీ కాగితం మీద అన్నీ బ్రౌజర్‌లో నడిచేవే ఉంటే అది చాలు, లేకపోతే చాలదు.

ఫైళ్లు తరలించడం

మారే పనిలో నష్టం జరిగే అవకాశం ఎక్కువగా ఉన్నది ఇక్కడే కాబట్టి కొంచెం ఆగి చెబుతాను. విండోస్‌లో వాడిన బయటి హార్డ్‌డిస్క్ సాధారణంగా ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. దానిని మ్యాక్‌కు తగిలిస్తే పేర్లన్నీ కనిపిస్తాయి, ఫోటోలు తెరుచుకుంటాయి, అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది. ఒక ఫైలును అందులోకి లాగి వదిలినప్పుడు మాత్రం అది చేరదు, ఎందుకంటే మ్యాక్ ఎన్‌టీఎఫ్ఎస్‌ను చదవగలదే తప్ప సొంతంగా అందులో రాయదు. ఆ క్షణంలో మ్యాక్‌లోని డిస్క్ యుటిలిటీ తెరిచి, ఏదో సరిచేద్దామని ఎరేజ్ నొక్కినవారిని నేను చూశాను. ఎరేజ్ అంటే అందులో ఉన్నదంతా పోయినట్టే. రెండు వ్యవస్థల మధ్య తిరిగే డిస్క్ కావాలంటే, ఖాళీ డిస్క్ ఒకటి తీసుకుని ముందుగానే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేయండి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ అందులో చదువుతాయి, రాస్తాయి. పాత ఎఫ్ఏటీ32లో 4 జీబీకి మించిన ఒక్క ఫైలు పట్టదు కాబట్టి వీడియోలు ఉన్నవారికి అది పనికిరాదు. ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నలింగ్ రక్షణ (రాస్తుండగా మధ్యలో ఆగినా డిస్క్ చెడిపోకుండా కాపాడేది) ఉండదు, కాబట్టి ఎజెక్ట్ చేయకుండా ఊడలాగే అలవాటు మానుకోవాలి, అలాగే ఏకైక బ్యాకప్‌ను ఆ డిస్క్‌లో ఉంచకూడదు.

డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసి ఉంచే విండోస్ సదుపాయమైన బిట్‌లాకర్ సంగతి చాలామందికి తెలియకుండానే నడుస్తుంటుంది. కొన్ని కంప్యూటర్లలో అది కొన్న రోజు నుంచే ఆన్‌లో ఉంటుంది. రేపు పాత కంప్యూటర్ చెడిపోయి, లోపలి డిస్క్‌ను బయటికి తీసి మరోదానికి తగిలిస్తే, 48 అంకెల రికవరీ కీ లేనిదే అది తెరుచుకోదు. కంప్యూటర్ పనిచేస్తుండగానే ఆ కీ ఎక్కడ ఉందో చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి. లినక్స్‌కు వెళ్లేవారు విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను (షట్‌డౌన్ చేసినా పూర్తిగా ఆగకుండా ఉంచేదాన్ని) ఆపేసి, పూర్తిగా షట్‌డౌన్ చేసిన తరువాతే ఆ డిస్క్‌ను లినక్స్‌లో తెరవాలి, లేకపోతే అది చదవడానికి మాత్రమే వస్తుంది.

సంకేతపదాల (పాస్‌వర్డ్‌ల) విషయంలో, బ్రౌజర్‌లోని సింక్ సదుపాయం వాడితే చాలావరకు పని అయిపోతుంది. వాటిని సీఎస్‌వీ ఫైలుగా ఎగుమతి చేస్తే, అందులో అన్నీ బాహాటంగా రాసి ఉంటాయి గనుక కొత్తచోట చేర్చిన వెంటనే తుడిచేయాలి. యూనికోడ్ రాకముందు నాటి తెలుగు ఫాంట్లలో దాచిన పత్రాలు ఉన్నవారు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ఆ ఫైళ్లలో నిజానికి ఉన్నవి ఆంగ్ల అక్షరాల సంకేతాలే, వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఆ ఫాంటు. కొత్త కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే తెర మీద అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. పాత కంప్యూటర్ చేతిలో ఉండగానే వాటిని యూనికోడ్‌కు మార్చుకుని, ఒక పీడీఎఫ్ ప్రతి కూడా తీసి పెట్టుకోవాలి. యూనికోడ్‌లో రాసినవాటికి ఈ బాధ లేదు, భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అన్నిచోట్లా ఉంది.

మ్యాక్ నుంచి విండోస్‌కు వచ్చేవారి బాధలు ఇందుకు అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి. మ్యాక్ సొంత సదుపాయమైన టైమ్ మెషీన్‌తో చేసిన బ్యాకప్ డిస్క్‌ను విండోస్ చదవలేదు, కాబట్టి బ్యాకప్ ఉంది కదా అని ధీమాగా మ్యాక్‌ను ఇచ్చేయకూడదు. యాపిల్ ప్రోగ్రాములైన పేజెస్, నంబర్స్ పత్రాలను వర్డ్, ఎక్సెల్ రూపంలోకి, ఫోటోస్ లైబ్రరీలోని చిత్రాలను అసలు ఫైళ్లుగా, మ్యాక్‌లో ఉండగానే ఎగుమతి చేసుకోవాలి. ప్రశ్నార్థకం, జంట కోట్ గుర్తు వంటివి ఫైలు పేరులో ఉంటే విండోస్ ఒప్పుకోదు, కాపీ సగంలో ఆగడానికి తరచు కారణం అదే.

చేతివేళ్ల అలవాటు

మొదటి రెండు వారాలు చిరాకు తప్పదు. విండోస్‌లో చిటికెన వేలితో కంట్రోల్ నొక్కి చేసే కాపీ, మ్యాక్‌లో బొటనవేలితో కమాండ్ నొక్కి చేయాలి. మ్యాక్ ల్యాప్‌టాప్‌లో డిలీట్ అని రాసి ఉన్న కీ వెనక అక్షరాన్ని చెరుపుతుంది, ముందున్నది చెరపాలంటే ఎఫ్ఎన్ కలిపి నొక్కాలి. ఫైలు మీద ఎంటర్ నొక్కితే అది తెరుచుకోదు, పేరు మార్చమని అడుగుతుంది. ఎరుపు బొత్తాం నొక్కితే కిటికీ మూసుకుంటుంది గాని ప్రోగ్రాం చాలాసార్లు లోపల నడుస్తూనే ఉంటుంది, కమాండ్, క్యూ కలిపి నొక్కితేనే పూర్తిగా ఆగుతుంది. ఇవన్నీ చిన్నవే. కానీ కార్యాలయంలో విండోస్, ఇంట్లో మ్యాక్ వాడవలసినవారికి ఈ చిరాకు రెండు వారాలతో తీరదు, ఉదయం ఒక అలవాటు, సాయంత్రం ఒక అలవాటు అవుతుంది. అలాంటివారు మ్యాక్ సెట్టింగులలో కంట్రోల్, కమాండ్ కీలను తారుమారు చేసుకుంటే కొంత ఉపశమనం ఉంటుంది.

పనికి గడువులున్న నెలలో మారకండి. కొత్త కంప్యూటర్ వచ్చాక పాతదాన్ని కనీసం ఒక నెల అలాగే ఉంచి, పని మొత్తం కొత్తదానిలోనే చేస్తూ, ఎప్పుడెప్పుడు పాతదాన్ని తెరవవలసి వచ్చిందో మొదటి కాగితం వెనకవైపే రాసుకోండి. నెల తిరిగేసరికి ఆ జాబితా ఖాళీగా ఉంటే, రెండు యంత్రాలకే పరిమితమైన లైసెన్సులున్న ప్రోగ్రాములను పాతదానిలో డీయాక్టివేట్ చేసి, ఖాతాలన్నిటి నుంచి సైన్ అవుట్ అయి, రెండంచెల ధ్రువీకరణ కొత్త కంప్యూటర్‌లో పనిచేస్తోందని మరొకసారి చూసుకుని, అప్పుడు పాత డిస్క్‌ను తుడవండి. విండోస్‌లో రీసెట్ చేసేటప్పుడు డ్రైవ్‌ను శుభ్రం చేసే ఎంపికను ఎంచుకోవాలి. మ్యాక్ అయితే ఫైండ్ మై (పోయిన యంత్రాన్ని వెతికే, తాళం వేసే సదుపాయం) ఆపిన తరువాతే ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్ నడపాలి, లేదంటే ఆ యంత్రం తీసుకున్నవారు మీ పాస్‌వర్డ్ లేకుండా దాన్ని వాడుకోలేరు.